పోటు ఎక్కే వేళ: ఉల్లంకి పిట్టల కోసం మూడు మజిలీలు

ఉల్లంకి పిట్టలను, అంటే సముద్రపు ఒడ్డున బురదలో మేసే వలస పిట్టలను చూడటానికి డిసెంబరు, జనవరి నెలలే మంచివని అందరూ చెబుతారు. గుంపులు చూడాలంటే అది నిజమే. ఒక్కొక్క పిట్టను పోల్చుకోవడం నేర్చుకోవాలంటే మాత్రం సెప్టెంబరు, అక్టోబరు నెలలను మించినవి లేవని నా నమ్మకం. చలికాలానికి దాదాపు అన్నీ బూడిద రంగులోకి దిగిపోతాయి. శరత్కాలంలో ఒకే బురద మేట మీద రకరకాల వేషాలు కనిపిస్తాయి. ముందుగా వచ్చే ఈడొచ్చిన పిట్టల ఒంటి మీద వేసవి ఎరుపు ఇంకా మచ్చలు మచ్చలుగా మిగిలి ఉంటుంది, ఈకల అంచులు అరిగి ఉంటాయి. వాటి వెనక వచ్చే ఆ ఏటి పిల్లల ఈకలన్నీ ఒకే ఈడువి. ప్రతి ఈకకూ లేత రంగు అంచు ఉండటంతో వీపు మీద పొలుసులు పేర్చినట్టుంటుంది. ముందు వయసు తెలిస్తే, ఆ తర్వాత జాతి తేల్చడం సులువవుతుంది.

మొదటి మజిలీ కాకినాడ. మొదటిసారి వెళ్లినప్పుడు తిథి చూసుకోలేదు. పట్నంలో దిగిన లాడ్జి సాదాసీదాది. వీధి రొద అర్ధరాత్రి దాకా తగ్గలేదు గానీ, తెల్లవారుజామున నాలుగున్నరకు అడగగానే గేటు తీశారు. పిట్టల కోసం వెళ్లేవారికి మెత్తని పరుపు కంటే అది ముఖ్యం. పడవ ఏర్పాటు చేసిన వ్యక్తి మాత్రం బురద మేటల దగ్గరికి తీసుకెళ్తానని చెప్పి, మడ అడవి మధ్య కాలువలో అందరినీ తిప్పినట్టే తిప్పి వెనక్కి తెచ్చాడు. కోరంగి మడ అడవి, అందులోని చెక్క వంతెన దారి చూడవలసినవే. ఉల్లంకి పిట్టలకు కావలసినది మాత్రం చెట్ల నీడ కాదు, ఆరుబయట బురద. ఆ సాయంత్రం ఒడ్డున వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన నా అవస్థ విని, "అష్టమికి నీరు పెద్దగా ఎక్కదండీ, పున్నమికి రండి" అన్నారు. ఆ యాత్ర మొత్తంలో నాకు దొరికిన అత్యుత్తమ సేవ ఆ ఒక్క మాటే.

పున్నమికి మళ్లీ వెళ్లాను. పాటు వేళ పిట్టలు కంటికి ఆనని దూరంలో చెదిరి ఉంటాయి. పోటు మొదలై నీరు మేటలను ఒక్కొక్కటిగా మింగుతుంటే, అవి అడుగడుగునా వెనక్కి జరుగుతూ మన వైపే వస్తాయి. పోటు పూర్తిగా ఎక్కడానికి ముందు రెండు గంటలు కదలకుండా కూర్చున్నాను. ముందు లిటిల్ స్టింట్లు వచ్చాయి: పిచ్చుకంత ఒళ్లు, నల్లని కాళ్లు, పిల్లల వీపు మీద తెల్లని రెండు గీతలు. వాటి పక్కన కర్లూ శాండ్‌పైపర్ పిల్లలు, కిందికి వంగిన పొడవాటి ముక్కుతో, రొమ్ము మీద పలచని పసిమితో. అవి ఎగిరినప్పుడు నడుము వెనక తెల్లగా మెరిసింది. టెరెక్ శాండ్‌పైపర్‌ను పోల్చుకోవడానికి ముక్కు దాకా వెళ్లనక్కర లేదు, ఏదో తరుముతున్నట్టు పరుగెత్తే ఆ తీరు చాలు. పైకి వంగిన ముక్కు, పసుపు కాళ్లు ఆ తర్వాతి సాక్ష్యాలు. గ్రే ప్లోవర్ రెక్క ఎత్తేదాకా ఆగాలి, చంకలోని నల్ల మచ్చ ఇక అనుమానానికి చోటివ్వదు.

చివరలో గ్రేట్ నాట్‌లు పన్నెండు వచ్చాయి. ఈశాన్య సైబీరియా కొండల్లో గుడ్లు పెట్టే పిట్ట ఇది. దక్షిణ కొరియాలో సెమాంగుమ్ దగ్గర 33 కిలోమీటర్ల గోడ కట్టి 2006లో సముద్రాన్ని మూసేశారు. దాంతో వలస దారిలో ఇవి ఆగి మేసే బురద పోయింది, సంఖ్య బాగా పడిపోయింది, ఇప్పుడు అంతరించే ప్రమాదమున్న జాతుల్లో ఉంది. ఆ పన్నెండింటినీ చూస్తూ చాలాసేపు నోట్సు రాయడమే మరిచిపోయాను.

పులికాట్ గురించి ఎక్కువ చెప్పను. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా పోతుంది కాబట్టి పడవ అక్కర లేదు, మనం దాక్కునే మాటు కారే. కారు దిగితే పిట్టలు లేస్తాయి, దిగకపోతే దగ్గరికి రానిస్తాయి. కెంటిష్ ప్లోవర్లను అంత తీరిగ్గా నేను మరెక్కడా చూడలేదు. అయితే ఎనిమిది దాటితే ఎండకు గాలి వణికి, టెలిస్కోపులో అన్నీ నీళ్లలో కరిగిన రంగుల్లా కనిపిస్తాయి. పైగా వాహనాల రద్దీ. ఒక ఉదయం చాలు, సూళ్లూరుపేటలో ఒక రాత్రి బస చాలు.

అక్టోబరు చివర ఒడిశాలోని మంగళాజోడి వెళ్లాను. చిలికా ఉత్తరపు అంచున ఉన్న ఊరు. ఒకప్పుడు పిట్టలను వేటాడిన వారే ఇప్పుడు వాటిని కాపాడుతూ పడవల్లో చూపిస్తున్నారు. ఇంజను లేదు, గెడతో నడిపే పడవ. తుంగ మధ్య మంచినీటి మడుగుల్లో నల్లతోక గాడ్విట్ పది అడుగుల దూరంలో మేస్తూనే ఉంది. గుంపులు ఇంకా పూర్తిగా దిగలేదు, నీరు కాస్త లోతుగానే ఉంది. అయినా సేవలో మంగళాజోడికే నా మొదటి స్థానం. మా పడవవాడికి తెలుగు రాదు, నాకు ఒడియా రాదు. ఒక పిట్టను నేను వుడ్ శాండ్‌పైపర్ అంటే తల అడ్డంగా ఊపి, అది ఎగిరేదాకా ఆగమని చేత్తో సైగ చేశాడు. ఎగిరింది. రెక్క అడుగు నల్లగా ఉంది. గ్రీన్ శాండ్‌పైపర్. అంత ఓపికగా దిద్దేవారు దొరకడం అరుదు. బస చిన్న గదే, కానీ శుభ్రంగా ఉంది, తెల్లవారేసరికి పిట్టల కూతలు వినిపిస్తాయి.

కొత్తగా నేర్చుకునేవారిని మంగళాజోడికే పంపుతాను. శరత్కాలంలో నేను వెళ్లేది మాత్రం కాకినాడకే. అక్కడ చూసిన ఒక శాండ్ ప్లోవర్ ఇంకా తేలలేదు. ఈ మధ్య లెస్సర్ శాండ్ ప్లోవర్‌ను టిబెటన్, సైబీరియన్ అని రెండు జాతులుగా విడదీశారు, ఈకలు మార్చుకునే దశలో వాటిని విడదీయడం నా వల్ల కాలేదు. నోట్సులో ఆ గడి ఖాళీగానే వదిలాను. వచ్చే సెప్టెంబరు పున్నమికి అదే లాడ్జిలో గది చెప్పి ఉంచాను, నాలుగున్నరకు గేటు తీయాలని కూడా.