రైజెన్ 5 3600 తీసి 5700ఎక్స్ పెట్టాక: ఆల్బమ్ పనిలో తేడా ఎక్కడ తెలిసింది

ప్రాసెసర్ మార్చాలా వద్దా అని తోటి ఫొటోగ్రాఫర్లు అడిగినప్పుడు నేను తిరిగి ఒకటే అడుగుతాను: సిస్టమ్ ముందు కూర్చొని మీరు దేనికోసం ఆగాల్సి వస్తోంది? దానికి సూటిగా జవాబు దొరికితే మార్చాలో వద్దో సగం తేలిపోతుంది. దొరక్కపోతే ఎంత పెట్టి ఏది కొన్నా తృప్తి ఉండదు.

వరంగల్‌లో మాది చిన్న స్టూడియో. పెళ్లిళ్లు, శారీ ఫంక్షన్లు, గృహప్రవేశాలు. ఫొటోలు మేమే తీస్తాం, ఆల్బమ్ డిజైనింగ్ కూడా మా దగ్గరే. ప్రింటింగ్ ఒక్కటే ల్యాబ్‌కి పోతుంది. ఈ పనంతా చాలా ఏళ్లు ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 3600 మీద నడిచింది. ఎమ్మెస్సై బీ450 టొమాహాక్ మ్యాక్స్ బోర్డు, 32 జీబీ డీడీఆర్4 ర్యామ్, 4 జీబీ జీటీఎక్స్ 1650 కార్డు. 2024 వేసవిలో బోర్డు, ర్యామ్, కార్డు అలాగే ఉంచి ప్రాసెసర్ ఒక్కటే తీసి రైజెన్ 7 5700ఎక్స్ పెట్టాను. అప్పటి నుంచి ప్రతి సీజన్ పనీ దాని మీదే.

3600 చెడ్డ ప్రాసెసర్ కాదు, ఇప్పటికీ కాదు. 2019 జులైలో వచ్చింది. 6 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 12 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు), 4.2 గిగాహెర్ట్జ్ దాకా వేగం. బిల్లింగ్‌కీ ఇంటర్నెట్‌కీ పాస్‌పోర్ట్ ఫొటోలకీ అది ఎక్కువే. మా దగ్గర మారింది పని. 33 మెగాపిక్సెల్ కెమెరా వచ్చాక ఒక్కో రా ఫైలు (జేపెగ్‌గా మార్చకుండా కెమెరా ఇచ్చే అసలు ఫైలు) బరువు పెరిగింది. హల్దీ, పెళ్లి, బారాత్, రిసెప్షన్ కలిపితే ఒక్క పెళ్లికే వేలల్లో ఫొటోలు. ఫొటోలు సరిచేసే లైట్‌రూమ్‌లో ప్రివ్యూలు (తెర మీద చూసుకునే కాపీలు) తయారయ్యేదాకా సెలెక్షన్ మొదలుపెట్టలేం. పార్టీవాళ్లు మాత్రం పెళ్లయిన మర్నాటి నుంచే ఫోన్లు చేస్తుంటారు.

కొనే ముందు ఎవరైనా చేయాల్సిన పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. మీకు విసుగు తెప్పించే పనిని మొదలుపెట్టి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి, సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్స్‌కి మార్చండి. గళ్లన్నీ నిండిపోయి అలాగే ఉంటే ప్రాసెసర్ చాలడం లేదని అర్థం. ఒకటి రెండు గళ్లే నిండి మిగతావి ఖాళీగా ఉంటే, ఎక్కువ కోర్లున్న ప్రాసెసర్ కొన్నా ఆ పని వేగం పెరగదు. ఒక్కో కోర్ వేగం ఎక్కువున్నది కావాలి. గళ్లు సగమే నిండి మెమరీ తొంభై శాతం దాటి డిస్క్ వంద కొడుతుంటే కావాల్సింది ర్యామ్. మాకు తెలిసిన ఒకాయన ప్రాసెసర్ మార్చడానికి సిద్ధపడితే ఇలాగే చూశాం. ఆయనది 8 జీబీ ర్యామ్, అదీ ఎక్స్‌ఎమ్‌పీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయక 2133 వేగంతో నడుస్తోంది. కొత్త ర్యామ్ వేసి, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్ బయాస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చేసి 3200కి తెచ్చాం. ఆయన ఇప్పటికీ అదే ప్రాసెసర్ వాడుతున్నాడు. రైజెన్‌కి ర్యామ్ వేగం చాలా ముఖ్యం, ఎందుకంటే లోపలి భాగాలను కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ దానికి జతగానే నడుస్తుంది.

ఫొటోషాప్ వాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో అంటే 3600×10800 పిక్సెళ్లు. లేయర్లు పెరిగేకొద్దీ పీఎస్‌డీ ఫైలు వందల ఎంబీలకు పోతుంది, సేవ్ కొట్టిన ప్రతిసారీ ఆగాలి. ఆ టైమ్‌లో ఎక్కువ భాగం ఫైలును కుదించడానికే పోతుంది, ఆ పని దాదాపు ఒక్క కోర్ మీదే పడుతుంది. ప్రిఫరెన్సెస్‌లో ఫైల్ హ్యాండ్లింగ్‌కి వెళ్లి పీఎస్‌డీ కంప్రెషన్‌ని డిసేబుల్ చేస్తే ఫైలు సైజు పెరుగుతుంది గానీ సేవ్ చాలా త్వరగా అయిపోతుంది. ఎస్‌ఎస్‌డీలో ఖాళీ ఉన్నవాళ్లు ఇది ఇవాళే చేసుకోవచ్చు.

ఇవన్నీ చూసుకున్నాక కూడా మా దగ్గర ప్రివ్యూలప్పుడు, ఎక్స్‌పోర్ట్ అప్పుడు పన్నెండు గళ్లూ నిండుగానే ఉన్నాయి. కాబట్టి మార్చాలి. ఏది కొనాలన్నదే అసలు చర్చ. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఒక షాపతను, "అన్నా, ఇంకా ఈ పాత బోర్డు మీద పైసలు పెట్టుడెందుకు? ఇంకో ఇరవై వేలు వేస్తే కొత్త ప్లాట్‌ఫారమే వస్తది కదా" అన్నాడు. అతని మాటలో న్యాయం లేకపోలేదు. మా బోర్డు ప్రాసెసర్ సాకెట్ ఏఎమ్4, అతను చెప్పే కొత్తది ఏఎమ్5. దానికి 2027 తర్వాత కూడా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎమ్‌డీ చెప్పింది. కానీ ఏఎమ్5 అంటే కొత్త బోర్డు, దాంతోపాటు డీడీఆర్5 ర్యామ్. మన డీడీఆర్4 దానికి పనికిరాదు. రైజెన్ 5 7600తో లెక్క వేస్తే అప్పట్లో నలభై వేలకు దగ్గరైంది. 5700ఎక్స్ అయితే పదిహేను వేల చుట్టూ, కూలర్ విడిగా. ఆ మిగిలే డబ్బుతో స్టూడియోకి ఒక మంచి ఫ్లాష్ సెట్ వస్తుంది.

బీ450 లాంటి 400 సిరీస్ బోర్డు మీద 5700ఎక్స్ ఉండే 5000 సిరీస్ నడవడం కూడా మన అదృష్టమే. 2020 మేలో ఏఎమ్‌డీ 400 సిరీస్ బోర్డులకు ఆ సపోర్ట్ ఉండదని ప్రకటించింది. వాడకందారులు గట్టిగా అడిగాక వెనక్కి తగ్గింది. ఆ తర్వాత 2017 నాటి బోర్డులకు కూడా సపోర్ట్ వచ్చింది.

కొనేటప్పుడు పేరులోని చివరి అక్షరాలు జాగ్రత్తగా చదవండి. 5700, 5700జీ, 5700ఎక్స్, 5700ఎక్స్3డీ నాలుగూ వేర్వేరు సరుకులు. మొదటి రెండింటిలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 16 ఎంబీయే. 5700ఎక్స్‌లో 32, ఎక్స్3డీలో 96. గేములు ఆడేవాళ్లు ఎక్స్3డీని మెచ్చుకోవడం సబబే, ఆ క్యాష్ గేముల్లో బాగా పనికొస్తుంది. దాని వేగం మాత్రం 4.1 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, 5700ఎక్స్ 4.6 దాకా వెళ్తుంది. ఫొటోషాప్‌కి కావాల్సింది ఆ వేగమే. డబ్బాలో సీల్‌తో వచ్చేదే తీసుకోండి, మూడేళ్ల వారంటీ ఉంటుంది. డబ్బా లేని ట్రే పీసు కాస్త తక్కువకి ఇస్తామంటారు, దానికి షాపు ఇచ్చే వారంటీయే దిక్కు.

2024లో వేసవంతా మూఢం, ఆ వెనకే ఆషాఢం. ముహూర్తాలు లేవు కాబట్టి సిస్టమ్ విప్పడానికి తీరిక దొరికింది. కొత్త ప్రాసెసర్‌ని బోర్డు గుర్తుపట్టాలి కాబట్టి, ముందు పాత ప్రాసెసర్ ఉండగానే బయాస్ అప్‌డేట్ చేశాను, యూపీఎస్ బ్యాటరీ నిండుగా ఉందని చూసుకున్నాకే. మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకుండా పోయే ప్రమాదం ఉంది.

కూలర్ తీయడం దగ్గర తొందర పనికిరాదు. ఏఎమ్4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. మధ్యలో ఏళ్ల తరబడి ఉన్న థర్మల్ పేస్ట్ గట్టిపడి కూలర్‌ని ప్రాసెసర్‌కి అతికించేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు నిటారుగా లాగితే లాక్ వేసి ఉన్నా ప్రాసెసర్ సాకెట్‌లోంచి కూలర్‌తో సహా ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. అందుకే సిస్టమ్ మీద కాసేపు ఎక్స్‌పోర్ట్ నడిపి, షట్‌డౌన్ చేసి, వేడి ఉండగానే స్క్రూలు విప్పి కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పాను. పేస్ట్ పట్టు వదిలినట్టు చేతికే తెలుస్తుంది. అప్పుడు పైకి ఎత్తితే ప్రాసెసర్ సాకెట్‌లోనే ఉండిపోతుంది.

కొత్తది పెట్టి ఆన్ చేయగానే నల్ల తెర మీద ఎఫ్‌టీపీఎమ్ (సెక్యూరిటీ కీలు దాచే భాగం) గురించి ఒక ప్రశ్న వస్తుంది, వై నొక్కితే పాత కీలు పోతాయి. విండోస్‌లో డ్రైవ్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉన్నవాళ్లు రికవరీ కీ కాగితం మీద రాసుకోకుండా ఈ పనికి దిగొద్దు. పార్టీల ఫొటోలన్నీ ఆ డ్రైవ్‌లోనే ఉంటాయి.

ఇక తేడా. లైట్‌రూమ్‌లో 1:1 (పూర్తి సైజు) ప్రివ్యూలు, జేపెగ్ ఎక్స్‌పోర్ట్ బాగా మెరుగయ్యాయి. ముప్పావుగంట పట్టే ఎక్స్‌పోర్ట్ ఇప్పుడు అరగంట లోపే అయిపోతోంది. అదొక్కటే కాదు, ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగానే పక్కన ఫొటోషాప్‌లో షీటు డిజైన్ చేసుకోగలుగుతున్నాను. ఇదివరకు మౌస్ కూడా తడబడేది. సీజన్‌లో వరుసగా పెళ్లిళ్లున్న వారం దీని విలువ పూర్తిగా తెలుస్తుంది. ఫొటోషాప్ ఒక్కటే తెరిచి పనిచేస్తే తేడా ఉంది గానీ, పక్కన నిలబడి చూసేవాళ్లకు తెలిసేంత కాదు.

కొన్నింట్లో ఏమీ మారలేదు. బారాత్ రాత్రి ఫొటోలకు లైట్‌రూమ్‌లో ఏఐ డీనాయిస్ (చీకటి ఫొటోల్లో గింజల్లాంటి మచ్చలు తీసేది) వాడతాం. అది గ్రాఫిక్స్ కార్డు చేసే పని, ముందు ఎంత సేపు పట్టేదో ఇప్పుడూ అంతే. వీడియో ఎక్స్‌పోర్ట్ కూడా కార్డులోని ఎన్‌కోడర్ మీదే నడుస్తుంది కాబట్టి స్వల్ప తేడాయే. అన్నిటికన్నా ఇబ్బంది 4:2:2 10 బిట్ వీడియో, అంటే రంగుల వివరం ఎక్కువగా ఉండే రకం. సోనీ ఏ7 ఫోర్ లాంటి కెమెరాల్లో ఆ ఆప్షన్‌తో తీస్తే మా కార్డు దాన్ని డీకోడ్ చేయలేదు, భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఎనిమిది కోర్లున్నా టైమ్‌లైన్ ఆగి ఆగి కదులుతుంది. ప్రాక్సీలు (తేలికపాటి కాపీలు) చేసుకొనే ఎడిట్ చేస్తున్నాం. వీడియో మీదే బతికేవాళ్లు 5700ఎక్స్ కొనొద్దని చెప్తాను. వీడియో కోసం క్విక్ సింక్ అనే ప్రత్యేక భాగం ఉన్న కొత్త ఇంటెల్ గానీ, ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డు గానీ వాళ్లకు నిజంగా ఉపయోగం.

వేడి సంగతి. 5700ఎక్స్ డబ్బాలో కూలర్ రాదు. 3600తో వచ్చిన చిన్న కూలర్ మన వరంగల్ మే నెలకు చాలదు. టవర్ కూలర్ పెట్టాను. ఏసీ లేని గదిలో రోహిణి కార్తె మధ్యాహ్నం పెద్ద ఎక్స్‌పోర్ట్ పెడితే ఎనభై డిగ్రీలకు దగ్గరగా పోతుంది. దీని పరిమితి 90 కాబట్టి భయం లేదు. బయాస్‌లో వోల్టేజ్ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌ని మైనస్ 15కి పెట్టాక వేడి కాస్త దిగింది, ఫ్యాన్ మోత తగ్గింది. ఈ అంకె అన్ని చిప్‌లకూ సరిపోదు, మైనస్ 5తో మొదలుపెట్టి చూసుకుంటూ దిగాలి. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా పని మధ్యలో హ్యాంగ్ అవలేదు.

ఇప్పుడు కొనాలనుకునేవాళ్లకు లెక్క కొంచెం మారింది. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ర్యామ్ చిప్‌లు చేసే మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకు అమ్మే వ్యాపారాన్నే ఆపేస్తున్నట్టు చెప్పింది. చేతిలో 32 జీబీ డీడీఆర్4 ఉన్నవాళ్లు దాన్ని వదిలేసి ఏఎమ్5కి వెళ్లడం ఇప్పుడు అప్పటికన్నా బరువు. 3600, 2600 లాంటివి వాడుతూ ఫొటోల పనే ఎక్కువున్నవాళ్లకు ఇదే దారి అని ధైర్యంగా చెప్తాను. ఇప్పటికే 5600 ఉన్నవాళ్లు 5700ఎక్స్‌కి మారక్కర్లేదు, రెండు కోర్లు, కొద్దిపాటి వేగం తప్ప కొత్తగా వచ్చేదేమీ లేదు. మొదటి నుంచీ కొత్త సిస్టమ్ కట్టించుకునేవాళ్లు మాత్రం ర్యామ్ ధర భరించైనా ఏఎమ్5కే వెళ్లాలి, ఏఎమ్4లో ఇక ముందుకు దారి లేదు.

మా స్టూడియోలో తర్వాత మారేది గ్రాఫిక్స్ కార్డు. డీనాయిస్ కోసం, ఆ 4:2:2 ఫైళ్ల కోసం. 5700ఎక్స్ దాని పక్కనే ఇంకొన్ని సీజన్లు ఉంటుంది.