పాట పెట్టకపోయినా కాలే ఆంప్లిఫయర్: కొనేముందు ఒక్కసారి ఆగండి

మహారాష్ట్రలో బల్లార్షా, రాజురా, చంద్రపూర్, సిరొంచ వైపున్న మన తెలుగువాళ్ళలో ఎవరైనా ఇంట్లోకి స్టీరియో ఆంప్లిఫయర్ కొనే ఆలోచనలో ఉంటే ముందు ఇది చదవండి. నేను రూ. 14,500 పెట్టి కొన్నది ఎనిమిది నెలలు నిండకుండానే రెండుసార్లు కాలింది. రెండోసారి పోతూ పోతూ మా బాపు స్పీకర్లలో ఒకదాన్ని కూడా వెంట తీసుకుపోయింది. కంపెనీ పేరు రాయడం లేదు. లోపల ఇదే సరుకు పెట్టి పైన వేరే పేరు అతికించినవి కూడా రిపేరుకు వచ్చాయని మెకానిక్ అన్నాడు. అందుకని పేరు కన్నా గుర్తులు తెలుసుకుంటేనే మీకు పనికొస్తుంది.

మాది మంచిర్యాల వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. బాపు బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. సాయంత్రం అయిదు దాటితే ఆయనకు ఘంటసాల గొంతు వినపడాలి, పడుకునేదాకా వినపడుతూనే ఉండాలి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో కొన్న 8 ఓముల స్పీకర్ల జత ఒకటుంది, చెక్క డబ్బాలవి, వాటిని పిల్లల్ని కూడా ముట్టుకోనివ్వడు. పాత ఆంప్లిఫయర్ గరగరలాడుతుంటే దసరాకు నాగపూర్ వెళ్ళి కొత్తది తెచ్చాను. ముందువైపు నల్లటి అద్దం, దాని వెనక పాటకు తగ్గట్టు ఊగే నీలం లైట్లు, ఛానెల్‌కు 100 వాట్లు అని బంగారు రంగు అక్షరాలు. మనసు పారేసుకున్నాను. చేత్తో ఎత్తి చూసి, తేలిగ్గా ఉంది, రైల్లో తేవడం సులువు అని సంతోషపడ్డాను కూడా. అసలు రోగం ఆ తేలికలోనే ఉందని అప్పుడేం తెలుసు!

ముందు నా తప్పు చెప్పేస్తాను. తెచ్చిన కొత్తలో దాన్ని టీవీ కింద షోకేసులో పెట్టి తలుపు వేశాను. మా ఊళ్ళో ఏది చేయించినా టేకుతోనే చేయిస్తాం కదా (అయోధ్య గుడి తలుపులకు కూడా ఇక్కడి బల్లార్షా డిపో కర్రే వెళ్ళింది), మందపాటి చెక్క, గాలి చొరబడదు. రెండు వారాలకే వార్నిష్ వాసన రావడం మొదలైంది. వెంటనే తీసి బయట బల్ల మీద, గోడకు జానెడు దూరంలో పెట్టాను. ఆ తర్వాత అది ఎప్పుడూ లోపలికి పోలేదు. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత సర్వీస్ సెంటర్‌వాళ్ళు తప్పంతా ఆ షోకేసు మీదకే నెట్టారు.

చలికాలమంతా మా పిల్లి దాని పైమూత మీద పడుకునేది. ముచ్చటపడి ఫోటోలు కూడా తీశాం. ఫిబ్రవరి దాటాక పిల్లి దాని మీద కాలు పెట్టడం మానేసింది. పాట ఆపేసి, స్విచ్ మాత్రం ఆన్‌లో ఉంచిన గంటకు కూడా పైన చెయ్యి పెట్టలేని వేడి. ఇక్కడైనా నాకు అనుమానం రావాల్సింది. మార్చి ఆఖర్లో ఒకరోజు ఎడమవైపు సౌండ్ పోయింది. సర్వీస్ సెంటర్‌కు పంపిస్తే పంతొమ్మిది రోజులు ఉంచుకుని, టెస్ట్ చేశామని స్టిక్కర్ వేసి పంపారు. వారంటీ కాబట్టి డబ్బులు తీసుకోలేదు. ఏం మార్చారంటే ట్రాన్సిస్టర్లు అన్నారు. ఎందుకు పోయాయంటే షోకేసులో పెట్టినందుకే అన్నారు, అంతకు మించి జవాబు లేదు.

మళ్ళీ నవ్‌తపాలో పోయింది. విదర్భలో ఉండేవాళ్ళకు చెప్పక్కర్లేదు, మే నెల ఆఖరున వచ్చే ఆ తొమ్మిది రోజుల ఎండ సంగతి. మా జిల్లాలో 45 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు, రాత్రి తొమ్మిదింటికి కూడా గోడలు సెగలు కక్కుతుంటాయి. కూలర్ నడుస్తోంది, బాపు మంచం మీద ఉన్నాడు, సౌండ్ కూడా తక్కువే. టప్‌మని చప్పుడు వచ్చింది. ఎడమ స్పీకర్ కోన్ ముందుకు తన్నుకొచ్చి అలాగే నిలబడిపోయింది. బుయ్‌మని హోరు. క్షణాల్లో డబ్బా వెనక నుంచి పొగ. బాపు లేచి ప్లగ్ లాగేశాడు కాబట్టి సరిపోయింది. ఆయన పడుకున్నాక అది ఆన్‌లోనే ఉండిపోయిన రాత్రులు ఎన్నో ఉన్నాయి, తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్.

ఈసారి సర్వీస్ సెంటర్‌వాళ్ళు కొత్త పాట అందుకున్నారు. "మీ చంద్రపూర్‌లో ఎండలు ఎక్కువ సార్, మేమేం చేస్తాం" అన్నారు. పుస్తకం తీసి చూపించారు. 35 డిగ్రీల లోపే వాడాలని చివరి పేజీలో చీమల్లాంటి అక్షరాల్లో ఉంది. నాగపూర్‌లో దుకాణం పెట్టి, విదర్భ జనానికి అమ్ముతూ, 35 డిగ్రీలు దాటితే మాకు సంబంధం లేదంటే ఎలా? ఆ లెక్కన మార్చి నుంచి జూన్ దాకా మేము పాటలు వినకూడదు. ఇది కొనేముందు చెప్పాల్సిన మాట, కాలాక కాదు.

ఇక అక్కడ పెట్టి లాభం లేదని వెనక్కి తెచ్చి, మా ఊళ్ళోనే ఒక పాత మెకానిక్ అన్న దగ్గరికి తీసుకెళ్ళాను. మూత విప్పి చూసి ఒకటే మాట అన్నాడు. "తమ్మీ, గిది ఆంప్లిఫయర్ కాదు, ఇస్త్రీ పెట్టె." తర్వాత రెండు గంటలు కూర్చోబెట్టి ఒక్కొక్కటీ చూపించాడు. నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను.

పక్కలకున్న గాలి కంతలు కంతలే కావు. రేకు మీద కంతల్లా కనపడేటట్టు వేసిన అచ్చు, అవతలికి దారి లేదు. పైమూతలో మాత్రం నాలుగు చీలికలున్నాయి. కింద ఒక్కటి కూడా లేదు. వేడిగాలి పైకి పోవాలంటే కింద నుంచి చల్లగాలి లోపలికి రావాలి కదా. దారి లేకపోతే లోపలి గాలి లోపలే ఉడుకుతుంది.

ట్రాన్సిస్టర్ల వేడిని లాగాల్సిన హీట్ సింక్ ఒక అల్యూమినియం పట్టీ. స్కూలు పిల్లల స్కేలు కన్నా కాస్త వెడల్పు, అంతే. రెక్కల్లేవు. దానికే నాలుగు ట్రాన్సిస్టర్లూ బిగించారు, మధ్యలో వేడిని పట్టీకి చేర్చే తెల్ల పేస్టు కూడా సరిగా రాయలేదు. ట్రాన్సిస్టర్ల మీద 5200, 1943 అని నంబర్లున్నాయి. ఇవి పేరున్న జోడీ, అందుకే వీటికి నకిలీలు బజారు నిండా ఉన్నాయి. చచ్చిపోయినదాన్ని పగలగొట్టి చూపించాడు, లోపలి సిలికాన్ ముక్క కందిపప్పు బద్దంత కూడా లేదు. తన డబ్బాలోని పాత అసలుదాన్ని పగలగొడితే దాని ముక్క ఇంతకు రెండు మూడింతలుంది.

అన్నిటికన్నా పెద్ద పాపం ఇంకొకటి. ఇలాంటి ఆంప్లిఫయర్లో పాట లేనప్పుడు కూడా ట్రాన్సిస్టర్ల గుండా కొంచెం కరెంటు పారుతూ ఉంటుంది. దాన్ని బయాస్ అంటారు. మామూలుగా అది 20 నుంచి 50 మిల్లీఆంపియర్ల మధ్య ఉంటే చాలు. చిక్కేమిటంటే, సిలికాన్ ట్రాన్సిస్టర్ ఒక్కో డిగ్రీ వేడెక్కే కొద్దీ దాన్ని తెరవడానికి కావాల్సిన వోల్టేజీ 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. అంటే వేడి పెరిగితే కరెంటు పెరుగుతుంది, ఆ కరెంటుకు మళ్ళీ వేడి పెరుగుతుంది. ఈ సుడి ఆగాలంటే కాపలాగా ఒక చిన్న ట్రాన్సిస్టర్‌ను హీట్ సింక్‌కే బిగించాలి. వేడి తగిలితే అది బయాస్‌ను తగ్గిస్తుంది. మా డబ్బాలో ఆ కాపలావాడు హీట్ సింక్‌కు దూరంగా బోర్డు మీద, గాలిలో నిలబడి ఉన్నాడు. ఇంటికి నిప్పంటుకుంటే పక్క వీధిలో పడుకున్న వాచ్‌మన్ లాగా! బాగున్న కుడి ఛానెల్‌కు మీటర్ పెట్టి కొలిచాడు. ఆన్ చేయగానే 90, ఇరవై నిమిషాల తర్వాత 240 మిల్లీఆంపియర్లు. సప్లై రెండు వైపులా కలిపి 76 వోల్టులు, గుణిస్తే 18 వాట్లకు పైన. పాట లేదు, ఏమీ లేదు, ఒక్క ఛానెల్‌లోనే ఆ వేడి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ సోల్డర్‌ను కరిగిస్తుందని గుర్తు తెచ్చుకోండి. మా పిల్లికి ఈ లెక్క నాకన్నా ముందే తెలిసింది.

సౌండ్ తగ్గించి వింటే వేడి తగ్గుతుందని నేననుకునేవాణ్ణి. ఈ రకం ఆంప్లిఫయర్లలో, వీటిని క్లాస్ ఏబీ అంటారట, ఫుల్ సౌండ్ కన్నా అందులో నలభై శాతం పవర్ దగ్గరే ట్రాన్సిస్టర్లు ఎక్కువ కాలతాయట. వినగానే నమ్మలేదు, కాగితం మీద లెక్క వేసి చూపించాడు. దానికి తోడు మా ఇంటి కరెంటు రాత్రిళ్ళు 230 మీద ఆగదు, 250 దాకా ఎక్కుతుంది. అప్పుడు 76 వోల్టులు కూడా 82 అవుతాయి.

పెద్ద కెపాసిటర్లు (కరెంటును కాస్త నిల్వ ఉంచి నిలకడగా ఇచ్చేవి) 85 డిగ్రీల దాకా ఓర్చుకునే రకం. వాటిని హీట్ సింక్‌కు ఆనించి జిగురుతో అతికించారు. ఆ రేటింగ్‌కు 2,000 గంటల ఆయుష్షు రాసి ఉంటే, ఆ వేడిలోనే ఉంచినప్పుడు రోజుకు అయిదు గంటల చొప్పున 400 రోజులే వస్తాయి. పది డిగ్రీలు చల్లగా ఉంచితే ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. 105 డిగ్రీల రకం వేస్తే ఖర్చు మహా అయితే కొన్ని పదుల రూపాయలు పెరిగేది.

స్పీకర్ ఎందుకు పోయిందంటే, ట్రాన్సిస్టర్ షార్టయితే ఆ 76లో ఒక వైపుదైన 38 వోల్టుల డీసీ (ఒకే దిక్కున పారే కరెంటు) నేరుగా స్పీకర్‌కు వెళ్తుంది. 8 ఓముల స్పీకర్ కాయిల్‌ను మీటర్‌తో కొలిస్తే 6 ఓములే ఉంటుంది. దాని మీద 38 వోల్టులు పడితే 240 వాట్లు, కాయిల్ ఎంతసేపు ఆగుతుంది? ఇలా కాకుండా స్పీకర్‌ను విడగొట్టడానికి రిలేతో (తనంతట తాను తెగే స్విచ్) ఒక ప్రొటెక్షన్ బోర్డు పెడతారు. మా బోర్డు మీద రిలే కోసం నాలుగు రంధ్రాలు, పక్కన పేరు కూడా అచ్చు వేసి ఉన్నాయి. రిలే మాత్రం లేదు. డిజైన్ చేసినవాడికి తెలుసు, పెట్టాల్సినవాడు మిగుల్చుకున్నాడు. నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండింది ఇక్కడే.

కాబట్టి దుకాణంలో లైట్లు చూడకండి, బరువు చూడండి. పాత పద్ధతి ట్రాన్స్‌ఫార్మర్‌తో ఛానెల్‌కు 100 వాట్లు నిజంగా ఇచ్చేదైతే ట్రాన్స్‌ఫార్మరే రెండున్నర మూడు కిలోలు తూగుతుంది. మాది మొత్తం డబ్బా మూడు కిలోలు. సెల్‌ఫోన్ టార్చి కంతల్లోకి కొట్టి చూడండి, వెలుతురు అవతలికి పోవాలి, నిలబడ్డ రెక్కల హీట్ సింక్ కనపడాలి. తిరగేసి కింద కూడా గాలి దారి ఉందో లేదో చూడండి. వాట్లు ఆర్ఎంఎస్‌లో (ఆగకుండా ఇచ్చే అసలు పవర్) చెప్పమనండి. పీఎంపీఓ (ఒక్క క్షణం పాటు చూపే ఊహా లెక్క) అని నాలుగంకెల సంఖ్య చెప్తే నవ్వి వచ్చేయండి. వేడి ఎన్ని డిగ్రీల దాకా ఓర్చుకుంటుందో పుస్తకంలో చూపించమనండి, ఈ ఒక్క ప్రశ్నకే దుకాణదారు మొహం మారుతుంది. ఇంటికి తెచ్చాక, వెనక్కి ఇచ్చే గడువు ఉండగానే, పాట లేకుండా గంటసేపు ఆన్‌లో ఉంచి పైమూత మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఫరవాలేదు. అయిదు సెకన్లు ఆనించలేకపోతే ఆ రోజే వెనక్కి ఇచ్చేయండి.

క్లాస్ డీ అని ఇప్పుడు చిన్న డబ్బాలు వస్తున్నాయి. అవి తీసుకున్న కరెంటులో తొంభై శాతం దాకా స్పీకర్‌కే ఇస్తాయి కాబట్టి మా ఎండలకు అవే మేలని నా అభిప్రాయం. అక్కడ కూడా అంకెల మోసం ఉంది. డబ్బా మీద 300 వాట్లు అని రాసి, 24 వోల్టుల 4 ఆంపియర్ల అడాప్టర్ ఇస్తారు. 24ను 4తో గుణించండి, 96. అంతకు మించి ఎక్కడి నుంచి వస్తుంది?

మెకానిక్ అన్న పాత ఆంప్లిఫయర్ నుంచి తీసిన రెక్కల హీట్ సింక్ వేసి, కాపలా ట్రాన్సిస్టర్‌ను దానికి బిగించి, కెపాసిటర్లు, రిలే బోర్డు మార్చి, కింద రేకుకు డ్రిల్లుతో కంతలు కొట్టి ఇచ్చాడు. రూ. 2,600 అయింది. స్పీకర్ కాయిల్ చుట్టించడానికి మరో రూ. 900. పిల్లి మళ్ళీ ఎక్కుతోంది. రూ. 14,500 పెట్టినవాడు ఈ పని తను చేయించుకోవాల్సి రావడమే అన్యాయం.

1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇచ్చాను, కంపెనీ నుంచి ఇంకా ఉలుకూ పలుకూ లేదు. 2019 చట్టం ప్రకారం ఎక్కడ కొన్నా మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. నాగపూర్ బిల్లు, సర్వీస్ స్టిక్కర్, రిలే లేని ఆ నాలుగు రంధ్రాల ఫోటో జాగ్రత్త చేసి పెట్టాను. నల్ల అద్దం, నీలం లైట్లు, పక్కలకు ఉత్తుత్తి కంతలు ఉన్న డబ్బా మీ ఇంట్లో కూడా ఉంటే రాత్రిళ్ళు ప్లగ్ తీసేసి పడుకోండి.