మోనెన్సిన్ మేలా, కరక్కాయ మేలా?

ఆవు తిన్న మేతలోని శక్తిలో కొంత మీథేన్‌గా మారి త్రేన్పుల్లో పోతుంది. ఆ నష్టాన్ని తగ్గించడంలో ఈ రెండింటి దారులూ వేరు.

మోనెన్సిన్ దాణాలో కలిపే ఒక యాంటీబయాటిక్. అది పెద్ద పొట్టలో గ్రామ్ పాజిటివ్ అనే రకం బ్యాక్టీరియాను అణచి, పశువుకు శక్తినిచ్చే ప్రొపియోనేట్ అనే ఆమ్లం వాటాను పెంచుతుంది, దాంతో మీథేన్ తగ్గుతుంది. మోతాదు మిల్లీగ్రాముల్లోనే, కొలత కచ్చితం. చిక్కేమిటంటే, పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్‌లు కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుంచి నిషేధించింది. పైగా మోనెన్సిన్ కలిపిన దాణా పొరపాటున గుర్రం తింటే ప్రాణం మీదకు వస్తుంది.

కరక్కాయ, తుమ్మకాయల వగరుకు కారణమైన టానిన్లు మేతలోని ప్రొటీన్‌ను పట్టుకుని, పెద్ద పొట్టలో సూక్ష్మజీవుల పాలు కాకుండా కాపాడతాయి. నాలుగో పొట్టలోని ఆమ్లానికి ఆ పట్టు వీడుతుంది, ప్రొటీన్ పశువుకు దక్కుతుంది. మీథేనూ తగ్గుతుంది. టానిన్లున్న మొక్కలతో బెంగళూరులోని జాతీయ పశు పోషణ సంస్థ రూపొందించిన ‘హరిత్ ధార’ అనే దాణా మిశ్రమం మీథేన్‌ను 17–20 శాతం తగ్గిస్తుందని ఆ సంస్థ చెబుతోంది.

కానీ ప్రతి కాయలోనూ టానిన్ ఒకేలా ఉండదు. ఎక్కువైతే పశువు మేత తగ్గించేస్తుంది, పీచు సరిగా అరగదు. అందుకే పెరట్లో దంచిన పొడిని గుప్పెడు కొలతతో పెట్టడం నాకు నచ్చదు.

ప్రొటీన్ మెండుగా ఉండే వేరుశనగ చెక్క దండిగా తినే పాడి ఆవుకు, కొలత తెలిసిన టానిన్ మిశ్రమం వైపే నా మొగ్గు. వట్టి వరిగడ్డితో నెట్టుకొచ్చే గేదెకు రెండూ దండగే. ముందు పచ్చిమేత చూడాలి.