సమాచార భద్రతా నిపుణులకు ఏ వృత్తి సంఘం మేలు?

వైద్యం చేయాలన్నా, న్యాయస్థానంలో వాదించాలన్నా గుర్తింపు పొందిన మండలిలో పేరు నమోదై ఉండాలి. సమాచార భద్రత వృత్తికి చాలా దేశాల్లో అటువంటి నమోదు లేదు. ఒక సంస్థ తన సర్వర్లను, ఖాతాదారుల వివరాలను ఎవరి చేతికి అప్పగించాలో తేల్చుకునే వేళ, ఆ వ్యక్తి యోగ్యతకు పూచీ పడే చట్టబద్ధమైన వ్యవస్థ కనిపించదు. ఈ ఖాళీని వృత్తి సంఘాలు చాలావరకు పూరించాయి, కానీ అన్నీ ఒకే తీరులో పూరించలేదు. సభ్యత్వ రుసుము కట్టే ముందు ఎక్కువమంది పరీక్ష ఎంత కష్టమో, ఉద్యోగ ప్రకటనల్లో ఏ సర్టిఫికెట్ పేరు తరచుగా వస్తుందో చూసి ఊరుకుంటారు. ఈ వృత్తిలో కావలసిన ఆసరా అంతటితో తీరేది కాదు. యోగ్యతకు గుర్తింపు కావాలి, పని నేర్చుకునే చోటు కావాలి, దాడి జరిగిన రాత్రి పలికే సాటివారు కావాలి, యజమాని మాటకూ మనస్సాక్షికీ పొత్తు కుదరనినాడు పట్టుకోవడానికి ఒక నియమావళి కావాలి. ఈ నాలుగింటిలో ఏ సంఘం దేనిని ఇస్తుందో పక్కపక్కన పెట్టి చూడడమే సరైన పోలిక.

సర్టిఫికెట్ల విషయంలో ముందుగా వినిపించేవి ఐసాకా, ఐఎస్‌సీ2 అనే రెండు సంఘాలు. ఐసాకా 1969లో కంప్యూటర్ వ్యవస్థలను తనిఖీ చేసే ఆడిటర్ల సంఘంగా పుట్టింది. ఆడిటర్లకు అది ఇచ్చే సీఐఎస్ఏ సర్టిఫికెట్ 1978లోనే మొదలైంది. ఐఎస్‌సీ2 1989లో ఏర్పడి, 1994లో భద్రతా నిపుణుల కోసం సీఐఎస్ఎస్‌పీ అనే సర్టిఫికెట్‌ను ప్రవేశపెట్టింది. పుట్టుకలోని ఈ తేడా నేటికీ వాటి చూపులో నిలిచి ఉంది. ఐసాకా మనిషి ఒక నియంత్రణను, అంటే ముప్పును అడ్డుకోవడానికి పెట్టిన ఏర్పాటును, చూసినప్పుడు అది నిజంగా పనిచేస్తున్నదా, పనిచేస్తున్నదనడానికి రుజువేది అని అడుగుతాడు. ఐఎస్‌సీ2 మనిషి ఆ నియంత్రణను ఎక్కడ పెట్టాలి, అది విఫలమైతే వెనుక ఏముంది అని ఆలోచిస్తాడు. సీఐఎస్ఎస్‌పీ పాఠ్యాంశం రిస్క్ నిర్వహణ నుంచి నెట్‌వర్క్, గుర్తింపు వ్యవస్థలు, సాఫ్ట్‌వేర్ అభివృద్ధి వరకు ఎనిమిది విభాగాలుగా విస్తరించి ఉండడానికి కారణం ఈ చూపే.

నిబంధనల్లో మాత్రం ఈ రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండు సర్టిఫికెట్లకూ ఐదేళ్ల పని అనుభవం కావాలి, చదువును బట్టి అందులో కొంత మినహాయింపు దొరుకుతుంది. పొందిన సర్టిఫికెట్‌ను నిలుపుకోవడానికి మూడేళ్లలో 120 గంటల నిరంతర విద్యను రెండూ కోరతాయి. అనుభవం చాలని వారిని అవి చూసే తీరు కాస్త వేరు. సీఐఎస్ఎస్‌పీ పరీక్ష నెగ్గిన కొత్తవారిని ఐఎస్‌సీ2 అసోసియేట్‌గా చేర్చుకుని, అనుభవం కూడబెట్టుకోవడానికి ఆరేళ్ల గడువు ఇస్తుంది. ఐసాకాలో పరీక్ష ముందుగా రాసి, నెగ్గిన ఐదేళ్లలోపు అనుభవం చూపించి దరఖాస్తు చేసుకోవచ్చు. బ్యాంకింగ్, బీమా వంటి నియంత్రణ సంస్థల పర్యవేక్షణలో ఉండే రంగాల్లో, తనిఖీ, పాలన పనుల్లో ఉన్నవారికి ఐసాకా మేలు. భద్రతా వ్యవస్థలను రూపొందించి నడిపేవారికి ఐఎస్‌సీ2 మేలు. రెండింటినీ కలిపి మోయడంలో నాకు పెద్ద ప్రయోజనం కనిపించదు. ఒకే శిక్షణ గంటలను రెండు చోట్లా చూపించుకోవచ్చు గాని, వార్షిక రుసుము రెండుసార్లు కట్టాలి. వినే పాఠం మాత్రం చాలావరకు ఒకటే. ఇక ఆ 120 గంటల లెక్కలో ఒక లోపం ఉంది. గంటలు లెక్కకు వస్తాయి, నేర్చినది లెక్కకు రాదు. ఆన్‌లైన్ ప్రసంగాన్ని తెరచి ఉంచి వేరే పని చేసుకున్నవారికీ, దానిని విని తమ వ్యవస్థలో ఒక మార్పు చేసినవారికీ ఒకే గంట నమోదవుతుంది.

ఈ సంఘాలను నేను గౌరవించడానికి అసలు కారణం సర్టిఫికెట్ కంటే నీతి నియమావళి. ఐసాకాకూ తనదైన నియమావళి ఉంది, కానీ ఐఎస్‌సీ2 నియమావళిలోని నాలుగు సూత్రాల వరుస ప్రత్యేకంగా గమనించదగినది. మొదటిది సమాజాన్నీ, ప్రజల నమ్మకాన్నీ కాపాడడం. రెండవది నిజాయితీగా, చట్టబద్ధంగా నడుచుకోవడం. యజమానికి శ్రద్ధగా సేవ చేయడం మూడవది. వృత్తిని పెంపొందించడం నాలుగవది. ఒక సూత్రానికి మరొకటి అడ్డు వస్తే ఈ వరుసలోనే పరిష్కరించుకోవాలని నియమావళి చెబుతుంది. జీతం ఇచ్చేవాడి స్థానం మూడవదని రాతపూర్వకంగా ఉండడం చిన్న విషయం కాదు. 2016లో ఊబర్ సంస్థ నుంచి సుమారు 5.7 కోట్ల మంది వివరాలు బయటికి పోయాయి. దానిని నియంత్రణ సంస్థకు తెలియకుండా దాచిన కేసులో ఆ సంస్థ మాజీ ప్రధాన భద్రతాధికారి 2022 అక్టోబరులో దోషిగా తేలారు. 2023 మేలో ఆయనకు మూడేళ్ల ప్రొబేషన్ విధించారు. సంస్థ తరఫున తీసుకున్న నిర్ణయానికి వ్యక్తి న్యాయస్థానంలో జవాబు చెప్పుకోవలసి వస్తుందని ఆ తీర్పు ఈ వృత్తికంతటికీ తెలియజేసింది. అటువంటి ఒత్తిడి ఎదురైనప్పుడు సంఘం న్యాయవాదిని పంపుతుందనీ, పోయిన జీతాన్ని భర్తీ చేస్తుందనీ ఆశించరాదు. అది కార్మిక సంఘం కాదు. అయితే సమావేశంలో ఒంటరిగా కూర్చున్న మనిషి, దీనిపై సంతకం పెడితే నా వృత్తి నియమావళిని ఉల్లంఘించినట్లవుతుంది అని చెప్పగలగడానికి కాళ్ల కింద గట్టి నేల ఉండాలి. ఆ నేలను సంఘం ఇస్తుంది.

ఓవాస్ప్ దారి పూర్తిగా వేరు. వెబ్ అప్లికేషన్ల భద్రత కోసం 2001లో మొదలైన ఈ స్వచ్ఛంద సమాజం 2003లో మొదటిసారి ప్రకటించిన పది ప్రధాన ముప్పుల జాబితా, కొన్నేళ్లకోసారి సవరణ పొందుతూ, ప్రోగ్రామర్లకు భద్రతలో తొలి పాఠంగా నిలిచింది. ఇక్కడ చేరడానికి అనుభవపు ఏళ్లు చూపించనక్కర లేదు. స్థానిక శాఖల సమావేశాలకు సభ్యులు కానివారు కూడా ఉచితంగా వెళ్లవచ్చు. సాధన కోసమే కావాలని లోపాలతో తయారుచేసిన జ్యూస్ షాప్ అనే అప్లికేషన్‌పై ఎవరైనా చేయి తిప్పుకోవచ్చు, అప్లికేషన్లను పరీక్షించే ప్రమాణ పత్రాలను ఎవరైనా చదవవచ్చు, తప్పు కనిపిస్తే దిద్దవచ్చు. కొత్తవారికి ఇంతకంటే మేలైన గుమ్మం నేను చూడలేదు. ఎందుకంటే ఇక్కడ చేసిన పని నలుగురికీ కనిపిస్తుంది. ఒక పత్రాన్ని సవరించినవాడి పేరు ఆ ప్రాజెక్టు చరిత్రలో నిలిచి ఉంటుంది. ఉద్యోగం ఇచ్చేవాడు పరీక్ష మార్కులను నమ్ముకోనవసరం లేకుండా ఆ పనినే తెరిచి చూడవచ్చు.

స్వచ్ఛంద శ్రమ మీద నడిచే చోట ఆ శ్రమకు నిధులు, నిర్వహణ తోడు కాకపోతే ఏమవుతుందో కూడా ఓవాస్ప్ చరిత్రలోనే ఉంది. నిధుల విషయంలో, పాలన విషయంలో మార్పు కావాలని ప్రముఖ ప్రాజెక్టుల నాయకులు 2023లో బహిరంగ లేఖ రాశారు. అదే ఏడాది, వెబ్ అప్లికేషన్లలో భద్రతా లోపాలను వెతికే జాప్ అనే విఖ్యాత పరీక్షా సాధనం ఓవాస్ప్‌ను విడిచి వెళ్లింది. పూర్వం సభ్యత్వానికి ఉద్యోగ వివరాల పత్రం అడిగే రోజుల్లో సేకరించిన పత్రాలు, పాత సర్వర్ అమరికలోని లోపం వల్ల బయటపడ్డాయని 2024లో ఆ సంస్థ స్వయంగా ప్రకటించింది. దాచకుండా చెప్పడం మెచ్చదగినదే. అయినా మనం ఇచ్చే వ్యక్తిగత వివరాలు సంఘం దగ్గర ఎంతకాలం ఉంటాయని చేరేముందే అడగడం తప్పు కాదు.

దాడి జరిగిన రాత్రి పలికేది ఎవరు అన్న ప్రశ్నకు పై సంఘాల కంటే ఫస్ట్ అనే వేదిక దగ్గర బలమైన సమాధానం ఉంది. 1988 నవంబరులో మోరిస్ వార్మ్ అనే, తనంతట తానే వ్యాపించే ప్రోగ్రామ్ అప్పటి ఇంటర్నెట్‌లోని వేల కంప్యూటర్లను స్తంభింపజేశాక అత్యవసర స్పందన బృందాలు ఏర్పడసాగాయి. మరుసటి ఏడాది మరో వార్మ్ వచ్చినప్పుడు, ఆ బృందాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మార్గం లేదని తెలిసివచ్చింది. ఆ అనుభవం నుంచి 1990లో ఫస్ట్ పుట్టింది. సాఫ్ట్‌వేర్‌లోని బలహీనతల తీవ్రతను పదికి ఇంత అని కొలిచే సీవీఎస్ఎస్ పద్ధతినీ, సమాచారాన్ని ఎవరితో ఎంతవరకు పంచుకోవచ్చో రంగులతో సూచించే టీఎల్‌పీ ఒప్పందాన్నీ నేడు నిర్వహిస్తున్నది ఈ వేదికే. 2021 డిసెంబరులో, ఎన్నో అప్లికేషన్లు వాడుకునే ఒక సాఫ్ట్‌వేర్ భాగంలో లాగ్‌4షెల్ అనే బలహీనత బయటపడి, దానికి పదికి పది తీవ్రత వచ్చినప్పుడు, ఆ ఒక్క అంకె చూసి అనేక బృందాలు చేతిలోని పనులు ఆపి దానివైపు తిరిగాయి. ఇందులో సభ్యత్వం ప్రధానంగా బృందాలది, అదీ ఇప్పటికే సభ్యులైనవారి సిఫారసుతో వచ్చేది. అంటే డబ్బు కట్టి ఈ నమ్మకాన్ని కొనుక్కోలేము. వ్యక్తిగా ఎంచుకోగలిగిన సంఘం కాదు గనుక, స్పందన బృందంలో పనిచేసేవారు తమ సంస్థ చేత దరఖాస్తు చేయించడమే దారి.

1984 నాటి ఐఎస్ఎస్ఏ గురించి ఒక్క మాట చాలు. ప్రసిద్ధ పరీక్షేదీ చేతిలో లేకుండా, స్థానిక శాఖల మీద, పత్రిక మీద నిలిచిన సంఘం అది. దగ్గరలో చురుకైన శాఖ ఉంటే మంచిదే, లేకపోతే దానివల్ల ఒరిగేది తక్కువ.

కాబట్టి ఒక ఏడాదికి ఒకే రుసుము కట్టగలిగినవారికి నా సలహా ఇది. అనుభవం రెండు మూడేళ్లకు మించనివారు ఓవాస్ప్ శాఖకు వెళ్లాలి, డబ్బు తర్వాత కట్టవచ్చు. ఐదేళ్లకు దగ్గరైనవారు తమ పని తీరును బట్టి ఐసాకా, ఐఎస్‌సీ2లలో ఒకదానిని తీసుకోవాలి. ఏ శాఖలోనైనా చేరేముందు రెండు సమావేశాలకు వెళ్లి, వేదిక మీద సాధనాలు అమ్మేవారు ఎక్కువ మాట్లాడుతున్నారా, పనిచేసేవారు ఎక్కువ మాట్లాడుతున్నారా, కొత్తవారి ప్రశ్నకు పెద్దలు ఓపికగా జవాబు చెబుతున్నారా అని గమనించాలి. ఈ క్రమాన్ని తిరగేసి, ఎవరితోనూ పరిచయం లేకుండా నేరుగా పరీక్షకు వెళ్లేవారికి ఒక ఇబ్బంది చివరలో ఎదురవుతుంది. సీఐఎస్ఎస్‌పీ పరీక్ష నెగ్గాక తొమ్మిది నెలల్లోపు, అభ్యర్థి అనుభవం నిజమేనని ఇప్పటికే సభ్యుడైన ఒకరు ధ్రువీకరించాలి. తెలిసినవారు లేకపోతే ఐఎస్‌సీ2 స్వయంగా ఆ పని చేస్తుంది. అయితే రెండేళ్లుగా శాఖ సమావేశాలకు వస్తూ, తన పనిని అక్కడివారికి చూపించినవారికి ఆ సంతకం పెట్టేది ఆ పనిని కళ్లారా చూసిన మనిషి.