రాత్రి తొమ్మిదింటి చుక్క: లాటానోప్రాస్ట్ కంటి మందు మీద నా అభిప్రాయం

నీటికాసులకి (డాక్టర్లు గ్లాకోమా అంటారు) నేను వాడుతున్న మందు లాటానోప్రాస్ట్, 0.005 శాతం చుక్కలు. కొన్నేళ్ళుగా రోజూ రాత్రి రెండు కళ్ళలోనూ ఒక్కో చుక్క వేసుకుంటున్నాను. ఆమదాలవలసలో నాకు జాకెట్లు కుట్టే షాపు ఉంది. సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నించి కాజాలు, హుక్కుల దాకా అంతా కళ్ళతో పనే. షాపుకొచ్చే ఆడవాళ్ళు ఫ్రిజ్‌లో సీసా చూసి అడుగుతుంటారు, "ఇది వేసుకుంటే చూపు బాగుపడిందేటమ్మా?" అని.

బాగుపడలేదు. బాగుపడదు కూడా. ఈ మందుకి మార్కులు వేసేముందు ఆ సంగతి తెలిసుండాలి. కంటి లోపల ఎప్పుడూ కొంత నీరు ఊరుతుంది, ఊరినంతా బయటికి పోతూ ఉంటుంది. ఆ పోయే దారి మందగిస్తే లోపల ఒత్తిడి పెరిగి, కంటి నుంచి మెదడుకి వెళ్ళే నరం కొద్దికొద్దిగా చచ్చిపోతుంది. చచ్చిన నరాన్ని ఏ మందూ, ఏ ఆపరేషనూ బతికించలేవు. నీరు బయటికి పోయేలా చేసి, మిగిలున్న చూపుని కాపాడటమే ఈ చుక్క పని. వేసుకున్న రాత్రికీ వేసుకోని రాత్రికీ మనకి ఏ తేడా తెలీదు. నొప్పి ఉండదు, మసక ఉండదు. అందుకే చాలామంది మొదటి సీసా అయిపోగానే మానేస్తున్నారు. నాకు బాధ కలిగించేది ఇదే.

మరి పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? పరీక్ష కాగితాల్లో తెలుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నా ఒత్తిడి కుడికంట్లో 27, ఎడమకంట్లో 26 ఉంది. మామూలు మనిషికి 10 నుంచి 21 లోపు ఉంటుంది. చుక్కలు మొదలెట్టిన కొన్ని వారాలకి 19కీ 18కీ దిగాయి. ఆ అంకెలు చూసుకుని ధీమాగా కూర్చోడానికీ లేదు. 21 లోపే ఉన్నా నరం దెబ్బతినేవాళ్ళు ఉంటారట. అసలు సంగతి ఫీల్డ్ టెస్టులో బయటపడుతుంది. చీకటి గదిలో గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, మధ్యలో చుక్కనే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడ చిన్న వెలుగు మెరిసినా బటన్ నొక్కాలి. ఎక్కడ కనబడలేదో అక్కడ కాగితం మీద నల్లగా వస్తుంది. నా ఎడమకన్ను కాగితంలో ముక్కు వైపు ఒక నల్లమచ్చ ఉంది. పాత కాగితాలూ కొత్త కాగితాలూ పక్కపక్కన పెట్టి డాక్టరు గారు చూపించారు, ఆ మచ్చ పెరగలేదు. నా దృష్టిలో ఈ మందుకి అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ లేదు. కాబట్టి మందు ఒక్కటే కొనుక్కుంటే సరిపోదు, ఆ కాగితాలన్నీ ఒక ఫైల్లో దాచుకోవాలి.

మా నాన్నగారికి ఈ జబ్బే చూపు తీసేసింది. ఎదురుగా కూర్చున్న మనిషి మొహం బాగానే కనబడేది. పక్కనించి వచ్చే సైకిలు కనబడేది కాదు, గడపలు తన్నుకునేవారు. ఊళ్ళో అందరూ శుక్లం అన్నారు, ముదరనిచ్చి ఆపరేషన్ చేయిస్తే సరి అన్నారు. శుక్లమైతే ఆపరేషన్ తర్వాత చూపు తిరిగొస్తుంది. నీటికాసుల్లో ఆగిన ప్రతి నెలా నష్టమే. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ జబ్బు ఉంటే మనకి వచ్చే అవకాశం బాగా ఎక్కువ. అందుకే మా తమ్ముణ్ణీ చెల్లెల్నీ కూడా పరీక్ష చేయించాను. కళ్ళద్దాల షాపులో అక్షరాలు చదివించే పరీక్షతో ఇది దొరకదు. ఒత్తిడి కొలవాలి, నరం చూడాలి. నలభై దాటిన ప్రతివాళ్ళూ, ఇంట్లో ఈ జబ్బు ఉన్నవాళ్ళయితే ఇంకా ముందే చూపించుకోవాలి.

ఇక వాడకం. తెరవని సీసాని ఫ్రిజ్‌లో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. తెరిచాక 25 డిగ్రీల లోపైతే బయట ఆరు వారాలు ఉంచొచ్చు. మే నెలలో మన శ్రీకాకుళం జిల్లాలో 25 డిగ్రీలున్న గది ఎక్కడుంది? కాబట్టి తెరిచిన సీసా కూడా నేను ఫ్రిజ్ తలుపులోనే పెడతాను, డీప్ ఫ్రిజ్‌లో మాత్రం పెట్టను. 2018లో తిత్లీ తుపానప్పుడు పలాస వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అప్పట్నించి నాలుగైదు సీసాలు ఒక్కసారే కొని దాచడం మానేశాను, ఒకటి వాడుకలో, ఒకటి నిలవలో. మామూలు వేడిలో నిలవుండేలా తయారుచేసినవి కూడా కొన్ని కంపెనీలవి దొరుకుతున్నాయి. పెట్టె మీద ఏం రాసుందో చదివి కొనండి. ఒక మందుల షాపులో ఎండ పడే అల్మరాలోంచి తీసి ఇచ్చారు, ఆ పెట్టె మీద ఫ్రిజ్‌లో ఉంచమనే ఉంది. నేను తీసుకోలేదు. మీరూ తీసుకోవద్దు.

వేసుకునే పద్ధతి నర్సమ్మ ఎంతో ఓపిగ్గా నేర్పింది. చేతులు కడుక్కుని, తల వెనక్కి వాల్చి, కింది రెప్పని కొంచెం లాగితే చిన్న దొప్పలా అవుతుంది. అందులో ఒక్క చుక్క. సీసా మూతి రెప్పకి తగలకూడదు. కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్కన కంటి మూలని వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి ఉంచాలి. లేకపోతే మందు గొంతులోకి దిగిపోతుంది. రెండో చుక్క వేస్తే ఎక్కువ పనిచేస్తుందనుకోకండి, కన్ను ఒక చుక్కకి మించి పట్టదు. రోజుకి రెండుసార్లు వేస్తే ఒత్తిడి తగ్గడం ఇంకా మందగిస్తుంది. ఒక రాత్రి మర్చిపోతే మర్నాడు మామూలుగానే ఒక్క చుక్క. వేరే చుక్కల మందు కూడా ఉంటే మధ్యలో కనీసం అయిదు నిమిషాలు ఆగాలి.

ఇబ్బందులు లేకపోలేదు. మొదట్లో కళ్ళు ఎర్రబడి కొంచెం మండేవి, తర్వాత తగ్గింది. రెప్పవెంట్రుకలు పొడుగయ్యాయి. రెప్పల చుట్టూ చర్మం కాస్త నల్లబడింది. చెంప మీదికి కారిన మందు వెంటనే తుడిచేసుకుంటే అది తక్కువగా ఉంటుంది.

అందరికీ ఈ మందే రాయరు. ఉబ్బసం ఉన్నవాళ్ళు టిమొలాల్ అనే ఇంకో చుక్కల మందు వాడకూడదు. అందుకని ఇంట్లో ఒకరికి రాసిన సీసా ఇంకొకరు వేసుకోవద్దు. కొందరికి లేజరో ఆపరేషనో కావాలి. ఉన్నట్టుండి కన్ను ఎర్రబడి, భరించలేని నొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు వస్తే అది వేరే రకం నీటికాసులు, తెల్లారేదాకా ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. కళ్ళకలకకని మందుల షాపువాళ్ళు ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వేసుకున్నా ఒత్తిడి పెరగొచ్చు.

అరసవల్లి సూర్యనారాయణస్వామికి కళ్ళ కోసం మొక్కుకునే జిల్లా మనది. నేనూ ఆదివారాలు వెళ్తాను. దర్శనం చేసుకొచ్చిన రాత్రి కూడా తొమ్మిదింటికి చుక్క వేసుకునే పడుకుంటాను. మొక్కుకున్నాం కదా అని మందు ఆపేసిన ఒక పెద్దాయన్ని చూశాను, ఇప్పుడాయన్ని మనవడు చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. ఆయన కోసమే ఇదంతా ఇంత పొడుగ్గా రాశాను.

నెలకి కొన్ని వందల ఖర్చు, అదీ జీవితాంతం. పేదింటికి అది తక్కువేం కాదు. తక్కువ ధర కంపెనీది వాడొచ్చా అని డాక్టరుని మొహమాటపడకుండా అడగండి, ఆపేయడం కన్నా అది నయం.

అయిదుకి నాలుగు మార్కులు వేస్తాను. మందు పనికి అయిదూ ఇచ్చేదాన్నే. ఆ ఒక్కటీ సీసాకి తగ్గించాను. పెట్టె మీద అక్షరాలు చీమతలకాయంత ఉంటాయి, తెలుగులో ఒక్క ముక్క ఉండదు. తెరిచిన తేదీ వేసుకోడానికి జాగా కూడా ఉండదు, నేను జాకెట్ గుడ్డ ముక్క మీద రాసి సీసాకి కడతాను. గట్టిగా నొక్కితేగాని చుక్క పడదు. చేతులు వణికే పెద్దవాళ్ళు తమంతట తాము వేసుకోలేరు, ఇంట్లో ఎవరో ఒకరు రోజూ ఆ వేళకి దగ్గరుండి వెయ్యాలి.