మళ్లీ చూడాలంటే ఏది ముందు: 2008 ఐరన్ మ్యానా, 2011 ఫస్ట్ అవెంజరా?

దసరా సెలవులకి మా పిన్ని కొడుకు ఇంటికొచ్చాడు, ఇంటర్ సెకండియర్. మార్వెల్ సూపర్ హీరోలంతా కలిసే అవెంజర్స్ ఎండ్‌గేమ్ 2019లో థియేటర్లో చూసినప్పుడు చిన్నోడు, సగం అర్థం కాలేదు కానీ చివర్లో టోనీ స్టార్క్, అంటే ఐరన్ మ్యాన్, పోయినప్పుడు మాత్రం బాగా ఏడ్చాడు. ఇప్పుడొచ్చి "అన్నా, మార్వెల్ సినిమాలన్నీ మళ్లీ మొదట్నుంచి చూద్దాం, ఏది పెట్టను?" అన్నాడు. ఐరన్ మ్యాన్ పెట్టరా అన్నాను ఏమాత్రం ఆలోచించకుండా. వాడేమో కాదు కెప్టెన్ అమెరికా ఫస్ట్ అవెంజర్ పెడదాం, కథ ప్రకారం అదే ముందు జరిగింది కదా అన్నాడు. అరగంట వాదించుకుని చివరికి వాడి మాట ప్రకారం ముందు అది, మర్నాడు రాత్రి ఇది చూశాం. చూశాక, ఎప్పుడైనా ఐరన్ మ్యాన్ తోనే మొదలెట్టాలి అని నేను చాలా ఏళ్లుగా అందరికీ చెప్తూ వచ్చిన మాట మార్చుకోవాల్సొచ్చింది, అదే రాస్తున్నా.

ముందు ఒకటి క్లియర్‌గా చెప్పేస్తా. అసలు ఒక్క మార్వెల్ సినిమా కూడా చూడని వాళ్లైతే రిలీజైన వరసలోనే చూడాలి, ఐరన్ మ్యాన్ తోనే మొదలెట్టాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. టైటిల్స్ అన్నీ అయిపోయాక హీరోలందరినీ ఒక జట్టు చేసే నిక్ ఫ్యూరీ చీకట్లోంచి వచ్చి అవెంజర్స్ అనే మాట అనే సీన్ ఉంది చూశారా, ఆయనెవరో తెలియకుండా చూస్తేనే దానికి విలువ. కథ టైమ్ ప్రకారం పోయేవాళ్లు ఐరన్ మ్యాన్ కంటే ముందు కెప్టెన్ మార్వెల్ పెడతారు, అది 1995లో జరుగుతుంది కాబట్టి. అందులో ఫ్యూరీ సినిమా మొత్తం ఉంటాడు, కన్ను ఎలా పోయిందో కూడా చూపించేస్తారు, ఇక ఐరన్ మ్యాన్ చివర్లో ఆయన కనిపిస్తే కొత్తేముంటుంది. నేను మాట్లాడేది అన్నీ ఒకసారి చూసేసి మళ్లీ కూర్చునేవాళ్ల గురించి. వాళ్ల లెక్క వేరు.

ఐరన్ మ్యాన్ సంగతికొద్దాం. ఈ సినిమా వెనక ఎంత రిస్క్ ఉందో తెలిసి చూస్తే ఇంకా బాగుంటుంది. మార్వెల్ 1996లో దివాలా తీసిన కంపెనీ, డబ్బు కోసం స్పైడర్ మ్యాన్ సినిమా హక్కులు సోనీకి, ఎక్స్-మెన్ హక్కులు ఫాక్స్ కి ఇచ్చేసుకుంది, అంటే జనానికి బాగా తెలిసిన పేర్లన్నీ బయటికి పోయాయి. మిగిలిన వాటిలో కొన్ని క్యారెక్టర్ల సినిమా హక్కులు తాకట్టు పెట్టి 2005లో మెరిల్ లించ్ ద్వారా 52.5 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుని సొంతంగా సినిమాలు తీయడం మొదలెట్టారు. ఆ మొదటి సినిమా ఇది. హీరో ఏమో రాబర్ట్ డౌనీ జూనియర్, డ్రగ్స్ కేసుల్లో జైలుకి కూడా వెళ్లొచ్చిన మనిషి, స్టూడియో వాళ్లు వద్దన్నా డైరెక్టర్ జాన్ ఫావ్రో ఆయనే కావాలని పట్టుబట్టాడు. షూటింగ్ మొదలయ్యేటప్పటికి స్క్రిప్ట్ కూడా పూర్తిగా లేదు, చాలా డైలాగులు సెట్లోనే మాట్లాడుకుంటూ పుట్టించారు. అందుకే టోనీ, అతని అసిస్టెంట్ పెప్పర్ మాట్లాడుకుంటుంటే ఒకరి మాటలో ఒకరు దూరిపోతూ మన ఇళ్లల్లో మాట్లాడుకున్నట్టే ఉంటుంది, ఆ తర్వాతి సినిమాల్లో అంత సహజంగా మళ్లీ కుదర్లేదని నాకనిపిస్తుంది.

ఇందులో రాసుకున్న తీరు చాలా గట్టిది. ఒక్క ముక్క చెప్తా. టోనీ కొత్త సూట్ వేసుకుని మొదటిసారి ఎగిరినప్పుడు రికార్డు కొట్టాలని పైపైకి పోతాడు, సూట్ మంచు పట్టేసి ఆగిపోయి కిందికి రాలిపోతాడు. అక్కడ మనం నవ్వుకుని వదిలేస్తాం. చివరి ఫైట్లో, టోనీ కంపెనీలోనే ఉండి వెన్నుపోటు పొడిచిన ఒబదయా అంతకంటే పెద్ద సూట్ వేసుకుని వెంటపడితే టోనీ కావాలనే ఆకాశంలోకి తీసుకెళ్లి, మంచు సమస్య ఎలా సాల్వ్ చేశావ్ అనడుగుతాడు, వాడి సూట్ అక్కడే గడ్డకట్టేస్తుంది. అలాగే టోనీని బతికించే, ఛాతీలో పెట్టుకున్న పాత రియాక్టర్. పారేయమంటే పెప్పర్ పారేయకుండా అద్దాల పెట్టెలో పెట్టి, టోనీ స్టార్క్ కి గుండె ఉందనడానికి రుజువు అని రాయించి ఇస్తుంది. తర్వాత ఒబదయా కొత్త రియాక్టర్ పీక్కుపోయినప్పుడు టోనీ పాకుతూ పాకుతూ ల్యాబ్ దాకా వస్తాడు, చెయ్యి ఆ పెట్టెకి అందదు. సినిమా మొత్తం వాడు తిడుతూ వచ్చిన ఆ మరచెయ్యి రోబో ఉందే, అది తీసి చేతికిస్తుంది. ఎన్నిసార్లు చూసినా అక్కడ నేను ఊపిరి బిగబట్టే చూస్తా.

ఎండ్‌గేమ్ చూశాక అదే రియాక్టర్ పూలదండలో పెట్టి నీళ్లమీద వదిలింది గుర్తొస్తుంది. ఉగ్రవాదులు బంధించిన గుహలోంచి బయటపడి అమెరికాలో దిగగానే టోనీ అడిగేది చీజ్‌బర్గర్, ఎండ్‌గేమ్ లో కూతురు కూడా అదే అడుగుతుంది, మీ నాన్నకీ ఇష్టమేనమ్మా అని చెప్పే టోనీ డ్రైవర్ హ్యాపీ ఎవరయ్యా అంటే ఇదే జాన్ ఫావ్రో. నేనే ఐరన్ మ్యాన్ అనే ఆఖరి మాట సంగతి చెప్పక్కర్లేదు. వీక్‌గా ఉన్నది చివరి ఫైట్ ఒక్కటే, మొదటి గంటంతా గుహలో, గ్యారేజీలో సుత్తి దెబ్బ దెబ్బకీ కథ నడిచి చివరికి రెండు ఇనప బొమ్మలు కొట్టుకోవడం దగ్గరికొచ్చేసరికి పస తగ్గుతుంది.

ఇప్పుడు ఫస్ట్ అవెంజర్. నిజం చెప్పాలంటే మొదటిసారి చూసినప్పుడు నాకు చప్పగా అనిపించింది. టోనీలో తప్పులున్నాయి, పొగరుంది, మారతాడు. కెప్టెన్ అమెరికా అయ్యే స్టీవ్ రోజర్స్ మొదటి సీన్లో ఎలా మంచోడో చివరి సీన్లోనూ అలాగే మంచోడు, ఇందులో కథేముంది అనుకున్నా. సెకండాఫ్ లో రెండో ప్రపంచ యుద్ధం అంతా పాటలో చూపించినట్టు ముక్కలు ముక్కలుగా కొట్టేస్తారు, అది ఇప్పటికీ నాకు నచ్చదు, స్టీవ్ తో కలిసి పోరాడే దళం హౌలింగ్ కమాండోస్ లో ఒక్కడి పేరు కూడా మనకి గుర్తుండదు. వసూళ్లు చూసినా ఐరన్ మ్యాన్ కి ప్రపంచం మొత్తం మీద 58 కోట్ల డాలర్ల పైన వస్తే దీనికి 37 కోట్లు, రెండింటికీ ఖర్చు ఇంచుమించు 14 కోట్లే.

కానీ ఈసారి చూస్తుంటే ఫస్టాఫ్ నన్ను కట్టిపడేసింది. క్యాంపులో గ్రెనేడ్ సీన్ తీసుకోండి. అప్పటికింకా మందుతో బలం రాని బక్కోడు స్టీవ్ కల్నల్ ఫిలిప్స్ కి అస్సలు నచ్చడు, దమ్మెవరికి ఉందో చూపిస్తానని డమ్మీ గ్రెనేడ్ తీసి జనం మధ్యలోకి విసురుతాడు. కండలున్న వాళ్లందరూ తలో దిక్కు పరిగెడతారు, స్టీవ్ ఒక్కడే దాని మీద బోర్లా పడుకుని మిగతావాళ్లని దూరంగా పొమ్మని చెయ్యి ఊపుతాడు. తర్వాత తలెత్తి ఇది పరీక్షా అనడుగుతాడు. ఆ క్షణంలో వాడికి పవర్ లేదు, షీల్డ్ లేదు, ఎవరైనా చూస్తున్నారా అన్న ధ్యాస కూడా లేదు. ఎండ్‌గేమ్ లో విరిగిన షీల్డ్ బిగించి కట్టుకుని విలన్ థానోస్ సైన్యం ముందు ఒక్కడే నిలబడతాడే, అక్కడ మనందరికీ వచ్చిన గూస్‌బంప్స్ కి విత్తనం ఈ గ్రెనేడ్ దగ్గర పడింది. 2011లో ఇది నాకు ఒక మామూలు మంచి సీన్ మాత్రమే.

ఆ బక్క శరీరం గురించి కూడా చెప్పాలి. ఎక్కువ షాట్లలో క్రిస్ ఇవాన్స్ నే షూట్ చేసి తర్వాత కంప్యూటర్లో ఒళ్లు కుదించారు, లోలా అనే ఎఫెక్ట్స్ కంపెనీ చేసిన పని అది, కొన్నిచోట్ల మాత్రం బాడీ డబుల్ ని వాడారు. అందుకే ఆ కళ్లు, ఆ నటన ఆయనవే, ఇప్పుడు పెద్ద టీవీలో చూసినా పెద్దగా తేడా కనపడదు. డైరెక్టర్ జో జాన్‌స్టన్ స్టార్ వార్స్ కి ఎఫెక్ట్స్ లో పనిచేసి వచ్చినవాడు, 1991లో ది రాకెటీర్ అని అదే పాతకాలం వాతావరణంలో సినిమా తీశాడు, 1940ల రంగు ఆయనకి చేతిలో ఉన్న విద్య.

ఇంకోటి, స్టీవ్ ని స్టేజీ ఎక్కించి యుద్ధానికి డబ్బు కోసం బాండ్లు అమ్మించే ఆ పాట సీన్. అందులో హిట్లర్ వేషగాడిని గుద్దుతాడు కదా, అది ఊరికే పెట్టింది కాదు. జో సైమన్, జాక్ కర్బీ తెచ్చిన మొదటి కెప్టెన్ అమెరికా కామిక్ అట్ట మీద 1941 మార్చి అని ఉంటుంది, ఆ అట్ట మీద బొమ్మే హిట్లర్ ని గుద్దడం, అప్పటికి అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగనే లేదు. అంత చరిత్ర ఉన్న బొమ్మని తీసుకొచ్చి, ఈ మనిషిని ఎలా ఆటబొమ్మని చేశారో చూడండి అని చూపించడం నాకు ఈసారే తట్టింది.

ఇక తర్వాతి సినిమాలు వెనక్కొచ్చి దీంట్లో నింపిన సంగతులు లెక్కపెడితే తరగవు. స్టీవ్ చిన్ననాటి స్నేహితుడు బకీ యుద్ధానికి పోతూ నేనొచ్చేదాకా పిచ్చి పనులు చెయ్యకు అంటాడు, ఆ పిచ్చంతా నువ్వే పట్టుకుపోతున్నావుగా అంటాడు స్టీవ్. ఎండ్‌గేమ్ చివర్లో ఇవే మాటలు, మాట్లాడే మనుషులు మాత్రం అటూ ఇటూ మారతారు. స్టీవ్ ప్రేమించే పెగ్గీ ఫొటో ఉన్న దిక్సూచి ఇక్కడే మొదలు. స్టీవ్ ట్రైనింగ్ తీసుకున్న క్యాంప్ లీహైకే కెప్టెన్ రెండో సినిమా వింటర్ సోల్జర్ లో వెళ్తాడు, ఎండ్‌గేమ్ లో 1970కి వెళ్లినప్పుడు కూడా అక్కడికే, అద్దం వెనక నుంచి పెగ్గీని చూసి పలకరించలేక వచ్చేస్తాడు. విమానం మంచులోకి దించుతూ రేడియోలో పెగ్గీతో శనివారం ఎనిమిదింటికి డ్యాన్స్ కి వస్తానని మాటిస్తాడు చూడండి, మొదటిసారి చూసినప్పుడు ఆ సీన్ లో వాడు చనిపోవట్లేదని నాకు ముందే తెలుసు, అవెంజర్స్ వస్తుందని పోస్టర్ మీదే ఉందిగా, అందుకే బాధ అనిపించలేదు. ఈసారి గొంతు పట్టేసింది. ఆ డ్యాన్స్ నిజంగానే జరుగుతుందని, దానికి ఇంకో ఎనిమిదేళ్ల సినిమాలు పడతాయని తెలిసి వింటుంటే వేరుగా ఉంది.

కొంతమంది ఫ్రెండ్స్ అంటారు, ఇదంతా ఎందుకు, డైరెక్ట్ గా 2014 వింటర్ సోల్జర్ పెట్టుకో, కెప్టెన్ సినిమాల్లో అదే టాప్ అని. టాప్ అంటే నేనూ ఒప్పుకుంటా, కానీ బకీ రైల్లోంచి లోయలోకి పడటం కళ్లారా చూడకుండా విలన్ మాస్క్ ఊడి బకీ బయటపడే సీన్ చూస్తే దెబ్బ సగమే తగులుతుంది.

నా మాట మార్చింది మాత్రం ఇవేవీ కాదు, హోవార్డ్ స్టార్క్. ఫస్ట్ అవెంజర్ లో టోనీ వాళ్ల నాన్న ఇంకా కుర్రాడే, ఎగిరే కారు చూపిస్తానని స్టేజీ ఎక్కి అది కాసేపు లేచి ఢామ్మని పడిపోతే నవ్వేస్తాడు. స్టీవ్ కి షీల్డ్ ఇచ్చింది, విమానంలో శత్రువుల వెనక దించింది ఆయనే, చివర్లో సముద్రం అడుగున స్టీవ్ కోసం వెతుకుతుంటే టెసరాక్ట్ అనే శక్తి క్యూబ్ దొరుకుతుంది, అయినా ఆపకుండా వెతకమంటాడు. మర్నాడు రాత్రి ఐరన్ మ్యాన్ పెట్టాం. మొదటి పది నిమిషాల్లోనే అవార్డు ఫంక్షన్ వీడియోలో హోవార్డ్ బొమ్మ వచ్చింది. మిస్సైల్ డెమోలో టోనీ మా నాన్న ఇలాగే చేశాడు అంటాడు. రియాక్టర్ పీకేస్తూ ఒబదయా మీ నాన్న ఆటంబాంబు తేవడంలో సాయం చేశాడు అని దెప్పుతాడు. ఈ మాటలన్నీ నేను అంతకుముందు చాలాసార్లు విన్నవే, ఎప్పుడూ పట్టించుకోలేదు. మా తమ్ముడు ఒబదయా దగ్గర పాజ్ కొట్టి "అన్నా, హోవార్డ్ అంటే రాత్రి కారు పడేసుకున్న ఆయనే కదా, అంత సరదా మనిషి గురించి టోనీ ఎందుకు అంత ముభావంగా ఉంటాడు?" అన్నాడు. నా దగ్గర వెంటనే సమాధానం లేదు. తండ్రి స్టీవ్ అనే ఆ స్నేహితుణ్ని జీవితాంతం వెతుకుతూ, పొగుడుతూ బతికితే కొడుక్కి ఎలా ఉంటుందో, టోనీ, స్టీవ్ తలపడే సివిల్ వార్ లో ఆ షీల్డ్ మా నాన్న చేసింది అని టోనీ ఎందుకంత కసిగా అంటాడో అప్పుడు కనెక్ట్ అయింది. ఐరన్ మ్యాన్ ముందు చూసుంటే ఇది జరిగేది కాదు.

కాబట్టి సినిమాగా విడిగా చూస్తే ఐరన్ మ్యానే గొప్ప, అందులో నా ఓటు మారలేదు. మళ్లీ చూడటానికి కూర్చుంటే మాత్రం ముందు ఫస్ట్ అవెంజర్, వెంటనే మర్నాడు ఐరన్ మ్యాన్, మధ్యలో కెప్టెన్ మార్వెల్ వద్దు, అది తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. రెండూ కలిపి నాలుగు గంటల పది నిమిషాలు, ఒకే రోజు కానిచ్చేద్దామని చూడకండి, మధ్యలో ఒక రాత్రి గడవాలి, హోవార్డ్ నవ్వు కాస్త బుర్రలో దిగాలి.

వాడి సెలవులు వింటర్ సోల్జర్ దగ్గర అయిపోయాయి. సివిల్ వార్ సంక్రాంతికి వచ్చినప్పుడు చూద్దాం, ఈలోపు హాస్టల్లో ఫోన్లో చూసెయ్యకురా అని బస్సెక్కేటప్పుడు మాట తీసుకున్నా.