వేడి చీజ్ డిప్పా, చల్లని క్రీమ్ చీజ్ డిప్పా?

పార్టీలో ముందుగా ఖాళీ అయ్యేది, చిప్స్ ముంచుకు తినే వేడి చెడ్డార్ చీజ్ డిప్ గిన్నే. కానీ టెన్షన్ పెట్టేదీ అదే. మంట కాస్త ఎక్కువైతే చీజ్‌లోని ప్రోటీన్ బిగుసుకుని నూనె పైకి తేలుతుంది, కింద పలుకులు మిగులుతాయి. తురిమిన చీజ్‌కి ముందే చెంచాడు కార్న్‌ఫ్లోర్ పట్టించి, వేడి పాలలో కొద్దికొద్దిగా వేస్తూ సన్నమంట మీద కలిపితే ఆ గొడవ చాలావరకు ఉండదు. ప్యాకెట్ తురుము మాత్రం వద్దు. ముక్కలు అతుక్కోకుండా దానికి సెల్యులోజ్ (మొక్కల పీచు) లాంటి పొడులు అద్దుతారు, అందుకే నున్నగా కరగదు. ఇంత చేసినా, చల్లారితే డిప్ గట్టిపడిపోతుంది. స్లో కుక్కర్‌లో (సన్నని వేడి మీద ఉంచే కరెంటు గిన్నె) 60 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గకుండా ఉంచాలి.

క్రీమ్ చీజ్ డిప్‌కి పొయ్యితో పనే లేదు. మెత్తబడిన చీజ్‌లో పుల్లటి క్రీమ్, వెల్లుల్లి, ఉల్లికాడలు కలిపి ముందురోజే ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చు. మర్నాటికి రుచి ఇంకా బాగుంటుంది. బయట 2 గంటలకు మించి ఉంచకూడదు, అంతే.

ఒంటిచేత్తో పార్టీ నడిపేవాళ్లకి చల్లనిదే నా ఓటు. పదిమంది లోపు, పొయ్యి దగ్గరే కబుర్లు సాగేచోట అయితే వేడిదే చేస్తాను, గిన్నె అడుగు గీకడానికి నేనూ పోటీ పడతాను కాబట్టి.